మూత మరిచిన పెట్టె

"చూశావా నాన్నా, ఒక్క చుక్కైనా తప్పించుకోలేదు!"

భూగర్భంలో ఉప్పునీళ్ళున్న రాళ్ళ సందుల్లో గ్యాసు దాస్తే నిలుస్తుందో లేదో కంప్యూటర్లో తేల్చడం కూతురి పని. సాయంత్రానికి నివేదిక ఇచ్చేయాలి.

నాన్న ముప్పై ఏళ్ళు సినిమాహాలు గేటు దగ్గర నిలబడ్డ మనిషి. కంప్యూటర్ తెర మీది పెట్టెలో కదిలే గ్యాసు చుక్కలకు కళ్ళప్పగించాడు.

"నువ్వు ఎర్రరంగు పూసిన చుక్క, పెట్టె పైనుంచి జారుకుని, కింద నుంచి మళ్ళీ దూరిందే! తలలు లెక్కపెడితే సరిపోదమ్మా, మొహాలు చూడాలి."

కూతురు నాలుక కరుచుకుంది. గ్యాసు పైన రాతి మూత పెట్టడమే మరిచిపోయింది. మూత లేకపోతే, పైకి పోయినదాన్ని ఆ ప్రోగ్రాం, లెక్క తగ్గకుండా, కింద నుంచి లోపలికి తెస్తుంది.

నాన్న పకపకా నవ్వాడు. "ఇంతకీ ఈ గ్యాసు దాచేదెక్కడ?"

"మన పేట కిందే నాన్నా."

నాన్న కుర్చీ లాక్కెళ్ళి, గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"మూత పెట్టేదాకా నువ్వూ బయటికి పోయేది లేదు."