రిమార్కుల గడి

"పలకను ముట్టుకోవద్దు, అంకుల్."

"ముట్ట బిడ్డా. చేతులు ఎనకనే కట్టుకున్న, సూడు" అన్నాడు జయరాజు.

జహేదా తలెత్తి చూసింది. నిజమే. గదిలో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆ పెద్దాయన చేతులు వీపు వెనకే ఉన్నాయి. బల్ల మీద తెల్లని గుడ్డ, గుడ్డ మీద గాజు పలక, పలక మీద నలభై ఏడేళ్ల నాటి ఒక రాత్రి ఆకాశం. నెగెటివ్ కాబట్టి నల్లని చుక్కలన్నీ నక్షత్రాలు. కుడి మూలన మాత్రం నక్షత్రం కానిది ఒకటుంది. బొటనవేలి ముద్ర.

మూతబడిన ఒక వేధశాల నుంచి మూడు వేల పలకలు శామీర్‌పేట దారిలోని ఈ కళాశాలకు చేరాయి. టెలిస్కోపుకు బిగించి ఆకాశాన్ని ఫొటో తీసిన పలకలవి. ఒక్కొక్కటే స్కాన్ చేసి, ఏది ఏ రాత్రిదో, ఎవరు తీశారో పాత చేతిరాత పుస్తకాలు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం జహేదా పని. రెండేళ్ల పని. సోమవారం నాడు అదంతా లోకానికి తెరుచుకుంటుంది. ఆ వార్త పేపర్లో చదివి, కౌకూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు జయరాజు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి.

"గా పుస్తకంల మా నాయిన గురించి ఏం రాసిండ్రు? సదువు బిడ్డా."

"మీకు తెల్వదా?"

"తెలుసు. నీ నోట ఇందామని."

ఆమె మెల్లగా చదివింది. "పలక చెడినది. సహాయకుడు దానయ్య, మందు పూసిన వైపు తడి ఆరకముందే నిర్లక్ష్యంగా బొటనవేలు పెట్టినాడు. పనిలో నుంచి తీసివేయడమైనది."

జయరాజు తల వంచుకొని విన్నాడు.

"సోమారం నుంచి ఏ దేశంల ఎవలు సూసినా, మా నాయిన పేరు పక్కన గదే మాట కనవడ్తది గదా?"

"కనవడ్తది."

"తీసెయ్యరాదా?"

"రాదంకుల్. పుస్తకంల ఏముంటే గదే ఎక్కియ్యాలె. అక్షరం మార్చినా నా నౌకరీ పోతది." అతని ముఖం చూసి ఆమె గొంతు తగ్గించింది. స్క్రీన్ మీద చివరి గడి చూపింది. "గీ రిమార్కుల గడి ఒక్కటే నా చేతుల ఉన్నది. రుజువుంటే గిండ్ల రాస్త. లేకుంటే ఖాళీ."

జయరాజు సంచిలోంచి బైబిలు తీశాడు. బైబిల్లోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. దానయ్యను పనిలోంచి తీసేస్తూ ఇచ్చిన ఉత్తరం. అడుగున 'అందినది' అన్న మాట, దాని పక్కన దానయ్య బొటనవేలి ముద్ర.

"మా నాయినకు సదువు రాదు. ఏం కాయితమో తెల్వకుంటనే ఏలు ఏసిండు. ఇంటికి తెస్తే నేనే సదివి సెప్పిన, అప్పుడు ఎనిమిదోది సదువుతున్న. ఒక్క మాటన్లే. తెల్లారి ఇటుకల బట్టీల పనికి జేరిండు. సచ్చేదాక బట్టీలనే."

"వేధశాలల ఎన్నేండ్లు చేసిండు?"

"పదిహేడు. చీకటి గదిల ఎర్ర బుగ్గ ఎలుతుర్ల పలకలు కడిగి ఆరబెట్టేటోడు. చెయ్యి జారి ఒక్కటి పలగలే బిడ్డా. నేను సద్ది తీస్కపోతే తలుపుకాడ్నే నిలబెట్టేటోడు, లోపలికి రానిచ్చెటోడు కాదు."

బయట గాలి మళ్లింది. జవహర్‌నగర్ చెత్తగుట్టల కంపు గదిలోకి తోసుకొచ్చింది. జహేదా లేచి కిటికీ మూసి, ఉత్తరాన్ని స్కానర్ మీద పరిచింది. కాసేపటికి రెండు ముద్రలూ తెర మీద పక్కపక్కన నిలిచాయి, అరచేతులంత పెద్దవై.

"మీ నాయిన వేలికి గాటుండెనా, అంకుల్?"

"కొడవలి గాటు. పెండ్లికి ముంగటిది."

ఉత్తరం మీది ముద్రను అడ్డంగా కోస్తూ ఒక తెల్లని గీత ఉంది. పలక మీది ముద్రలో అది లేదు. ఒకదానిలో రేఖలు సుడి తిరిగాయి. రెండోదానిలో వాగులా ఒక పక్కకు వంగి పారాయి. జహేదా మూడుసార్లు చూసింది. తప్పు పట్టడానికి చూసింది, దొరకలేదు.

"ఇది మీ నాయినది కానే కాదంకుల్."

జయరాజు కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆమె నీళ్లసీసా అందిస్తే పట్టుకున్నాడు గాని తాగలేదు.

"సన్నటి వేలు. మోటు పని జేసిన చెయ్యి కాదిది, కలం పట్టిన చెయ్యి" అంది జహేదా, పలక మీది ముద్రను ఇంకా పెద్దది చేస్తూ. "గా పుస్తకం రాసిన సారుదే అయ్యుంటది. తన తప్పు నౌకరు మీదికి నెట్టిండు."

"సారు మీద ఎయ్యకు బిడ్డా. మంచోడు. ఆయనకు అగుపడ్డదే రాసిండు."

"ఇంత జరిగినా మీకు కోపం రాదా?" ఆమె గొంతు మెత్తబడింది. "మీ నాయినన్నా, నేను కాదని ఎందుకన్లే?"

"నేను కాదంటే, మరెవలని అడుగుతరు గదా."

సారు పేరు నౌకరు ఎలా చెప్పగలడు, పాపం అనుకుంది జహేదా. ఇంకేమీ అడగకుండా టైపు చేసింది: 'పలక మీది వేలిముద్ర సహాయకుడు దానయ్యది కాదు. ఆయన ముద్రతో పోల్చి చూడడమైనది. రుజువు జతపరచడమైనది.'

జయరాజు ఆ మాటలను రెండుసార్లు చదివించుకున్నాడు. రెండోసారి ఆమెతో పాటు అతని పెదవులూ కదిలాయి.

"ఖుషీయేనా అంకుల్?"

"మా నాయినకు ఖుషీ, బిడ్డా."

"ఇగ ఒక్క ముక్క మిగిలింది. ముద్ర ఎవరిదో తెలియదని రాస్తే గడి నిండుతది." ఆమె వేళ్లు మీటల మీదికి వెళ్లాయి.

"తెల్వదని రాయకు" అన్నాడు జయరాజు, లేచి నిలబడి.

"మరేం రాయాలె?"

"నా పేరు రాయి, బిడ్డా."