గ్యారంటీ నలుపు

"సాయంత్రం బెల్లు కొట్టాక అందరూ ఎడమ చేతులు చాపాలి. వేలి మీద సిరా గుర్తు కనిపించిందా, రేపట్నించి పన్లోకి రానక్కర్లేదు."

అద్దకం షెడ్డు మధ్యలో నిలబడి ఓనరు తీర్పు చెప్పేశాడు. పోలింగని ఊరంతా సెలవు. ఈ షెడ్డుకు మాత్రం నల్ల బట్ట ఆర్డరు అడ్డమొచ్చింది.

"భోజనాల టైములో వెళ్ళొచ్చేస్తాం సార్," అంది పెద్దక్క. షెడ్డులో అందరికన్నా పాత మనిషి కాబట్టి ఆ పిలుపు.

"కుదరదంటే కుదరదు. నా ఇంట్లోనే ఎవరూ గుమ్మం దాటట్లేదు, మా ఇంటి మొత్తానికీ నేనొక్కణ్ణే వేస్తున్నా. నా పెళ్ళామే నోరెత్తకుండా ఉంటే, మీకేం పోయేకాలం?"

వెనక తలుపు దగ్గర టీ కెటిల్ పెట్టడానికి వచ్చిన ఆయన భార్య తల వంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన భయం ఆర్డరు గురించి కాదని అక్కడ అందరికీ తెలుసు. షెడ్డు రంగు నీళ్ళు వీధి కాలవలో పడి, అక్కణ్ణించి మంచినీళ్ళ గొట్టంలోకి దారి చేసుకున్నాయి. కుళాయి తిప్పితే చాలు, ఆ రోజు షెడ్డులో ఏ రంగు వేస్తున్నారో చంటిపిల్లలు కూడా చెప్పేస్తారు. షెడ్డు వెనకున్న ఓనరు ఇంటికీ అదే గొట్టం. ఎవరైనా అడిగితే "మరిగించుకుంటే సరి" అంటాడు. గెలిస్తే ముందు ఆ కాలవ మూయిస్తానని వీధి చివరి నర్సమ్మ పోటీకి దిగింది. ఆమె మీద నిలబడ్డవాడు ఓనరుకి ప్రాణ స్నేహితుడు.

మధ్యాహ్నం ఓనరు స్నేహితుడికి సాయంగా పక్క పేట బూత్ వైపు వెళ్ళగానే పెద్దక్క కొంగు బిగించింది.

"ఏ రాయైతేనేం అక్కా, పళ్ళూడగొట్టుకోడానికి?" అన్నాడు గొణుగుడు. పొద్దస్తమానం ఏదో ఒకటి సణుగుతుంటాడని అతనికా పేరు పెట్టారు.

"ఉన్న పళ్ళు ఊడుతున్నాయనేరా వెళ్ళేది. నా మనవరాలి ఒంటి మీద దద్దుర్లు చూశావా?"

ఓటైతే వేసింది. సిరా పూసిన అమ్మాయికి పొదుపు తెలియదు. గోరు మొదలుకొని కణుపు దాకా పులిమేసింది. దారి పొడవునా పెద్దక్క ఆ వేలిని కొంగుతో తోముతూనే ఉంది. చర్మం మండింది తప్ప గుర్తు చెక్కుచెదరలేదు. ఈ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

షెడ్డులో ఎవరూ లేరు. నలుపు తొట్టి మూత మాత్రం తీసి ఉంది. తొట్టి నుంచి వెనక తలుపు దాకా నేల మీద నల్లటి చుక్కలు. "ఈ గొణుగుడుగాడికి శుభ్రం ఈ జన్మకి రాదు," అనుకుంటూ గోనెపట్టాతో వాటిని తుడిచేసింది. తుడుస్తుంటే ఓనరు మాట గుర్తొచ్చింది. వచ్చిన ప్రతి బేరగాడికీ ఆయన చెప్పే మాటే.

"మన నలుపు చచ్చినా పోదు. అది నా గ్యారంటీ!"

పెద్దక్క పళ్ళు బిగించి ఎడమ చెయ్యి తొట్టిలో ముంచింది. రంగు ఇంకా వేడిగానే ఉంది.

"అక్కా!"

ఉలిక్కిపడి తిరిగి చూసింది. వెనక గొణుగుడు.

"కాస్త జరుగు," అని తనూ చెయ్యి ముంచాడు. వేలి మీద సిరా తడి ఇంకా ఆరలేదు.

"ఏ రాయైతేనేం అన్నావుగా?"

"అన్నాలే. నా పళ్ళు, నా ఇష్టం."

"అది సరే, మూత తీసిపెట్టి పోతావా? ఎవరన్నా చూస్తే?"

"నేనెక్కడ తీశాను? ఇప్పుడేగా వస్తున్నా!"

ఇంకేం అడిగే వ్యవధి లేదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే పిల్లుల్లా లోపలికి జారుకుంటున్నారు. ఓటు వెయ్యనివాళ్ళ చేతులు కూడా బతిమాలి ముంచింది పెద్దక్క. కొందరి చేతులే నల్లబడితే అందరికీ ముప్పే.

బెల్లు కొట్టింది. వరసలో నిలబడ్డారు. ఓనరు మొదటి చెయ్యి చూశాడు, నలుపు. పక్కది చూశాడు, నలుపు. చివరిదాకా నడిచేసరికి ఆయన మొహమూ నల్లబడింది.

"గ్లౌజులేవి?"

"ఎప్పుడో చిరిగిపోయాయి సార్. కొత్తవి అడిగితే, కడుక్కుంటే పోతుందన్నారు మీరే."

"అయితే కడగండి! నా కళ్ళ ముందు కడగండి!"

సబ్బు అరిగింది, నురగ నల్లగా కారింది. చేతుల నలుపు మాత్రం కదల్లేదు. గొణుగుడు ఆ రోజు మొదటిసారి అందరికీ వినబడేలా మాట్లాడాడు.

"పోదు సార్. మీ గ్యారంటీ."

"అందర్నీ పీకేస్తాను!"

"అలాగే సార్," అంది పెద్దక్క. చేతి నురగ కొంగుకి తుడుచుకుంది. "మరి రేపు లారీ వస్తే బట్ట ఎవరు అప్పజెబుతారు?"

ఓనరు స్టూలు మీద కూలబడ్డాడు. "మంచినీళ్ళు!" అని ఇంటి వైపు కేకేశాడు.

"ఛీ, మీకన్నా నా ఇల్లే నయం," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఒక్క మాట చెబితే పడుంటుంది."

పెళ్ళయినప్పటి నుంచీ రంగు తొట్టి ముట్టని ఆయన భార్య గ్లాసు పెట్టిన పళ్ళెం తెచ్చి ముందుకు చాపింది. పళ్ళెం అంచున ఆవిడ ఎడమ చెయ్యి, మణికట్టు దాకా, గ్యారంటీ నలుపు.