లాడ్జీ మందు

"నేను సేసుకోను," అంది సోని.

అరుగు మీద కూర్చున్న పెద్దలు అందరూ ఒకేసారి నవ్వారు. బడిలో హాజరు పిలిస్తే పలకడానికే సిగ్గుపడే పిల్ల, ఇంతమంది మగాళ్ళ ముందు నోరు విప్పడం వాళ్ళకు వింతగా ఉంది.

"ఏటి నవ్వుతారు? ఆడి మొదటి పెళ్ళాం ఎందుకు పారిపోనాదో ఒక్కలైనా అడిగారా?"

"ఒలే గుంటా, లోపలికి పో," అన్నాడు తండ్రి సుక్రు.

పెళ్ళికొడుకు ధర్మకు సొంత జీపు ఉంది. చింతపల్లి ఘాట్‌లో తిప్పుతాడు. సుక్రుకు అంతకుమించి తెలుసుకోవాలని లేదు. ధర్మ మేనమామ సోంబరు, తన ఊరివాళ్ళను వెంటబెట్టుకుని ఇప్పసారా కుండతో వచ్చాడు.

ఆ కొండల్లో పద్ధతి ఒకటే. పెళ్ళివారు తెచ్చిన సారా పిల్ల ఇంటి పెద్దలు తాగితే మాట ఇచ్చినట్టు. ఆ తర్వాత పిల్ల ఏడ్చినా, పారిపోయినా, వెతికి తెచ్చి ఆ ఇంట్లోనే దింపుతారు. ఒక సంబంధానికి ఒక ఇంటికి కుండ ఒక్కసారే వస్తుంది. పొద్దు వాలేసరికి ఖాళీ కుండతో పెళ్ళివారు వెనక్కి మళ్ళాలి, లేదంటే ఆ సంబంధం తప్పిపోయినట్టే.

సోంబరు మీసం దువ్వాడు. "బావా, నీ గుంట ఎండాకాలం సెలవుల్లో అరకు లాడ్జీలో పన్జేసిందంట గదా. టూరిస్టులకి గ్లాసుల్లో ఏటేటో కలిపిస్తారంట అక్కడ. కాటేలో ఏటో..."

"కాక్‌టెయిల్," అన్నాడు సుక్రు గొప్పగా.

"అదే. మా సారా కూడా అలాగ కలిపీమను. ఒట్టిది రోజూ తాగుతున్నదే."

"ఏటే, సేత్తావా?" అని సుక్రు కూతుర్ని అడిగాడు.

సోని సోంబరు ముఖంలోకి చూసింది. తర్వాత తల ఊపింది. కుండ నెత్తికెత్తుకుని లోపలికి వెళ్ళింది.

"సూసావా బావా! గుంటలు ముందు అలాగే అంటారు," అన్నాడు సోంబరు. మళ్ళీ నవ్వారు.

లోపల మామ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. సోని బియ్యం డబ్బా పక్కనుంచి ఎండిన ఇప్పపువ్వు దోసిలితో తీసి ఎసట్లో వేసింది.

"సారాలో పువ్వు ఉండనే ఉంది గదే. మళ్ళీ ఇదెందుకు?"

"వాసన నిలబడాలి మామ్మా. మనిషి ముందు ముక్కుతో తాగుతాడంట. ఆ తర్వాతే నోటితో."

ఆ మాట లాడ్జీ వంటాయన సర్వేశ్వరరావుది. సోని గ్లాసులు కడుగుతుంటే ఆయన ఒక్కొక్క సీసా మూత తీసి వాసన చూపించేవాడు. ఏది ఎందుకు వేస్తారో చెప్పేవాడు. పులుపు లేకపోతే తీపి మొహం మొత్తుతుంది. చేదు లేకపోతే రెండో గుక్క తాగబుద్ధి కాదు. గొంతు మండకపోతే డబ్బిచ్చినవాడు మోసపోయాననుకుంటాడు.

సోని బెల్లాన్ని నల్లగా మాడ్చింది. నిమ్మకాయలు పిండింది. కాఫీ డికాషన్ చిక్కగా దించి పోసింది. తాగినవాడి గుండె దడదడలాడాలి కదా. అల్లం దంచింది. మిరియాలు దంచింది. రుచి చూసి, మళ్ళీ మిరియాలు దంచింది.

"ఏడవకే తల్లీ," అంది మామ్మ.

"నేనెక్కడ ఏడుస్తన్నాను? అల్లం ఘాటు."

"మీ అయ్య మొండోడు. ఇన్నాడా ఒకలి మాట?"

"ఇనకపోతే పోనీ. తాగుతాడు గదా."

అడ్డాకులతో కుట్టిన డొప్పల్లో పోసి తనే తీసుకెళ్ళింది. ముందు తండ్రికి, తర్వాత తమవైపు పెద్దలకు, ఆఖరున సోంబరుకు.

సోంబరు ఒక్క గుక్కలో దించాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. దగ్గాడు. ఛాతీ రుద్దుకున్నాడు.

"ఓరి దేవుడా! మా సారాలో ఇంత బలం ఉందని నాకే తెల్దు. ఇంకో డొప్ప పొయ్యే!"

పోసింది. అడిగినవాడికల్లా పోసింది. కాసేపటికి సుక్రు గుండె మీద చెయ్యి వేసుకుని, కూతురు ఎంత మంచిదో చెబుతూ ఏడవడం మొదలెట్టాడు. ఒక ముసలాయన తల తిరుగుతోందని గోడకు చేరగిలబడ్డాడు. సోంబరు లేచి థింసా ఆట అడుగు వేయబోయి, తన చెప్పు మీద తనే కాలేసి, పక్కవాడి ఒళ్ళో పడ్డాడు.

"పట్టపగ్గాల్లేవు మావా నీకు," అన్నాడు పక్కవాడు.

"లాడ్జీ మందురా ఇది! సామాన్యమా!"

కొండ వెనక ఎరుపు కూడా పోయింది. తోటల మీద చలి దిగుతోంది. సోని గుమ్మంలో నిలబడింది. ఈసారి తల దించుకోలేదు.

"మావా, పొద్దు వాలిపోనాది. మా పెద్దలందరూ తాగినట్టే గదా?"

"తాగీసారు."

"మరి ఈ సంబంధం సంగతి తేలిపోనట్టే గదా? రేపు మళ్ళీ కుండ పట్టుకుని రారు గదా?"

"తేలిపోనాదే పిచ్చి గుంటా! ఒక ఇంటికి ఒకటే కుండ. మా తాతల నాటి మాట. ఇంక నీ బాబు కాదు, నేను కాదు, ఎవులూ మార్సలేరు!"

"అందరూ ఇన్నారు గదా?" అని సోని అరుగంతా ఒకసారి చూసింది. తలలు ఊగాయి.

ఆమె లోపలికి వెళ్ళి కుండ తెచ్చి ఆయన కాళ్ళ ముందు దించింది.

ఖాళీ కుండే కదా అని ఒంటి చేత్తో ఎత్తబోయిన సోంబరు చెయ్యి బరువుకు ఆగిపోయింది. కుండ అంచుదాకా నిండుగా ఉంది, పొద్దున తన ఊళ్ళో తన చేత్తో కుండ మూతికి బిగించిన నారకట్టు ముడి కూడా వదలకుండా అలాగే ఉంది.