బుద్రి పలకని పేరు

ఏసీ గదుల్లో కూర్చుని కొండకో మాట్లాడే మందుల బీరువా పంపిన పెద్దలారా, మా ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరని దానికెందుకు నేర్పలేదు?

మధ్యాహ్నం మా కొండ ఆసుపత్రిలో బుద్రి ప్రసవించింది. రక్తం ఆగలేదు. ఆపే సూదిమందు బీరువాలో ఉంది. "గుర్తింపు కోసం రోగి తన భర్త పేరు చెప్పాలి," అంది బీరువా.

"సెప్పేయే, పేణం పోతాది!" అంది నర్సు దొయిమతి.

"పేరెత్తితే ఆడికి కీడు, సిస్టరమ్మా," అని బుద్రి మొహం తిప్పుకుంది.

దొయిమతే ఆ పేరు చెప్పింది. "ఇది రోగి గొంతు కాదు," అంది బీరువా.

దొయిమతి బీరువా మీది కొత్త మీట నొక్కింది. ఇద్దరు నర్సులు ఒకే మాటంటే బీరువా తెరుచుకునేలా ఆ నెలే, రెండు కొండలకు మాత్రం పెట్టిన ఏర్పాటది. అవతలి కొండ నుంచి పెద్ద నర్సు రాజులమ్మ గొంతు బీరువాలోంచి పలికింది. "ఏటే, ఇంకా ఆ పెట్టెని బతిమాలతన్నావా? సూది ఎయ్యాల్సిందే. నానూ అదే అంతన్నాను, తియ్యి!"

తలుపు తెరుచుకుంది. సూది పడ్డాక కాసేపటికి రక్తం తగ్గింది. దొయిమతి నేల మీద చతికిలబడి, నవ్వుతూనే ఏడ్చేసింది.

"మొగుడి పేరు దాసుకున్నావు, పిల్లకైనా పలికే పేరెట్టే," అంది రాజులమ్మ. బుద్రి నీరసంగా నవ్వింది.

ఈ తోడు రెండు కొండలకేనా? మిగతా కొండల్లో నర్సు ఇప్పటికీ ఒంటరిదే. కమిటీలు వెయ్యకండి. ప్రతి కొండ నర్సుకీ ఇంకో నర్సును ఇవాళే తోడివ్వండి!