తలుపు అడిగిన పేరు

మా అపార్ట్‌మెంట్‌లో తాళంచెవులు పోయి, ఇంటావిడ పేరు పిలిస్తేనే తెరుచుకునే తలుపులు వచ్చాయి. ఇవాళ మాకూ బిగించారు. లోపల తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను.

మా ఆయన కూరల సంచితో వచ్చారు.

"ఏమేవ్!"

"పేరు చెప్పండి," అంది తలుపు.

"బుజ్జిదాని వాళ్ళమ్మా!"

"అది పేరు కాదండి."

పున్నమి నాడు పుట్టానని మా నాయనమ్మ పెట్టిన పేరు. కొత్త కోడలిగా వచ్చినరోజు ఆడపడుచులు గడపకు అడ్డం నిలబడి ఆయన చేత ఒక్కసారి చెప్పించారు. ముప్ఫై ఏళ్లయింది. అసలు గుర్తుందో లేదో!

సంచి కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత మెల్లగా, "పున్నమ్మా..." అన్నారు.

తలుపు తెరుచుకుంది.

నేను గబుక్కున మళ్లీ మూసేశాను.