కోచ్ కునుకు

ఆట నడుస్తుండగా కోచ్ చక్రపాణికి కునుకు పట్టింది.

బల్లార్‌పూర్ జట్టు వెంటవెంటనే బాస్కెట్లు వేస్తోంది. దుర్గేష్ కోర్టులోంచి చేతులతో టైమ్‌అవుట్ సైగ చేశాడు. కానీ టైమ్‌అవుట్ అడగాల్సింది కోచ్. ఆటగాడు అడిగితే చెల్లదు.

బెంచీ మీదున్న ప్రశాంత్ మోచేత్తో పొడిచాక చక్రపాణి లేచాడు. అప్పటికే ఆట చేజారింది. దుర్గేష్‌ను చూడటానికి నాగపూర్ నుంచి వచ్చిన సెలెక్టర్ జీపెక్కి వెళ్లిపోయాడు.

"సార్ మళ్ల పండిండా?" దుర్గేష్ అడిగాడు.

"పండిండనకు. కండ్లు మూసుకొని ఆట సూస్తుండు," అన్నాడు ప్రశాంత్.

"నవ్వకురా. తాగొచ్చిండు. ఆ కండ్లు సూడు, మిర్చిపొడి సల్లినట్టున్నయి."

అది 1993. రెండేళ్ల కిందటి దాకా బల్లార్‌పూర్ దగ్గరి ఈ దుర్గాపూర్‌లో బొగ్గు కంపెనీకి సొంత బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. కొత్తగూడెం నుంచి చక్రపాణిని కోచ్‌గా తెచ్చుకున్నారు. ఖర్చులు తగ్గించమని పైనుంచి ఉత్తర్వు వచ్చాక ఆటగాళ్లను తలో గనికి పంపేశారు. ఇప్పుడున్నది ఊరి జట్టు. పవర్ స్టేషన్ అప్రెంటిస్‌లు, కాలేజీ పిల్లలు. బొగ్గు కంపెనీ మనుషులు ఇద్దరే మిగిలారు, కోచ్, దుర్గేష్.

దుర్గేష్‌కు స్టోర్స్‌లో డ్యూటీ. కోచ్ పాత గని దగ్గర హాజరు రాసే టైమ్ ఆఫీసులో కూర్చుంటాడని అందరూ అనుకునేవాళ్లు. ఎవరూ వెళ్లి చూడలేదు.

దుర్గేష్‌ది రాజూరా దగ్గర పల్లె. ఉద్యోగానికి పంపేటప్పుడు తల్లి రాజక్క కొడుకు దగ్గర ఒకటే మాట తీసుకుంది, గనిలోకి దిగొద్దని. ఆమె తమ్ముడు దిగి మళ్లీ పైకి రాలేదు. ఆ మాట కోచ్ ఎదుటే తీసుకుంది. నాగపూర్ సెలక్షన్ అయి ఉంటే రైల్వేలో ఉద్యోగం దొరికేది. గని ఊసే ఉండేది కాదు.

మర్నాడు దుర్గేష్ స్పోర్ట్స్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాడు. ఆయన నాందేడ్ నుంచి కొత్తగా వచ్చినవాడు.

"మా కోచ్ తాగి వస్తుండు సార్."

"నువ్వు చూశావా?"

"ఊరందరికీ ఎరుకే."

"లిహూన్ దే," అన్నాడు ఆఫీసర్, రాసిమ్మని. ఎక్కడ కోత పెట్టాలా అని ఆయనా చూస్తున్నాడు.

దుర్గేష్ మరాఠీలో రాసి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా చక్రపాణిని వణీ దిక్కు గనికి బదిలీ చేశారు. చివరి సాయంత్రం కోర్టుకొచ్చి విజిల్ ప్రశాంత్ చేతిలో పెట్టాడు. దుర్గేష్ దగ్గర ఆగాడు.

"సంతకం నీదేనట గద."

"నాదే."

"నాకొక్క మాట ముంగట చెప్తే అయిపోతుండె, బిడ్డా."

"చెప్తే తాగుడు బంద్ చేస్తుంటివా?"

చక్రపాణి సైకిల్ స్టాండు తీశాడు.

"మీ అమ్మకు ఏం చెప్తవో సోచాయించుకో," అని సైకిలెక్కాడు.

మా అమ్మ సంగతి ఈయనకెందుకు అనుకున్నాడు దుర్గేష్.

సోమవారం స్టోర్స్‌కు వెళ్లేసరికి అతని కుర్చీలో ఇంకొకరున్నారు. పాత గనిలో డ్యూటీకి పొమ్మన్నారు. అతను స్పోర్ట్స్ ఆఫీసర్ దగ్గరికి పరిగెత్తాడు.

"నాది స్పోర్ట్స్ డ్యూటీ సార్."

"కోచ్ పోయాడు, ఆట పోయింది. ఇంకేం స్పోర్ట్స్?"

పాత గని దగ్గర, లోపలి పని చూసే సర్దార్ ఎర్రయ్య మనుషులను షిఫ్టులకు సర్దుతున్నాడు.

"పేరు?"

"దుర్గేష్."

ఎర్రయ్య తలెత్తాడు. "బాల్ ఆడే దుర్గేష్‌వి నువ్వేనా? నీకు రాత్రి షిఫ్టు. లోపల బొగ్గు నింపుడు. చక్రపాణి ఖాళీ చేసిపోయిన జాగ."

"సార్ టైమ్ ఆఫీసుల గద ఉండేది?"

"ఎవడు చెప్పిండు?"

"అందరంటరు. తాగుతడని గూడ అంటరు."

"చాయ్ తాగుతడు. రాత్రంత బొగ్గు నింపి, పొద్దున ఇంత కునుకు తీసి, మీ కోర్టుకు ఉరికేటోడు. నిద్ర సాలక బండకు ఒరిగి నిలబడితే నేనే లేపేటోన్ని."

దుర్గేష్ చేతిలో హెల్మెట్ పెట్టి, ఎర్రయ్య తర్వాతి మనిషి వైపు తిరిగాడు. దుర్గేష్ కదల్లేదు.

"కోచ్‌కు గనిలోపల ఏం పని?"

"జట్టు బంద్ చేసినంక, ఆట మనుషులల్ల పైన ఒక్కరినే ఉండనిస్తమని మేనేజర్ అన్ననాడు, పిల్లగాన్ని పైన్నే ఉంచుండ్రి, వాని జాగల నేను దిగుతా అన్నడు మీ సారు."