రాతిలో ముడుచుకున్న ఆకు

అద్దంకి దగ్గర మిరపచేలో బావి తవ్వుతుంటే ఆ రాతిపలక బయటపడింది. దాని మీద అచ్చుపడిన ఆకు ఏ పుస్తకంలోనూ లేదు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న కోటేశ్వరి దానికి కొత్త జాతిగా పేరు పెట్టి, వర్ణన రాసి, బొమ్మ గీసింది. రేపు గైడుగారొచ్చి రాయినీ బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే నాలుగేళ్ల చదువు గంగపాలే.

ఆ రాత్రి అద్దెగదిలో కరెంటు పోయింది. కోటేశ్వరి లాంతరు దగ్గరికి జరిపి చూస్తే, బొమ్మలో బార్లా విచ్చుకున్న చిట్టి ఆకులు రాతిలో జంటలు జంటలుగా ముడుచుకుని ఉన్నాయి, పొద్దుగూకాక చింతాకు ముడుచుకున్నట్టు.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. అంతే. మట్టేదో అడ్డం పడిందేమోనని సూది తీసింది.

"చీకటి పడ్డాక ఆకు ముట్టుకోకూడదే అమ్మాయ్, నిద్రపోతుంటుంది," అంది అన్నం పళ్లెంతో వచ్చిన ఇంటావిడ వెంకటేశ్వరమ్మ. ఆవిడకి శిలాజమైనా గోంగూరైనా ఆకు ఆకే.

"ఇది పోయి కోట్ల ఏళ్లయింది పిన్నిగారూ."

"అన్నేళ్ల నిద్ర చెడగొట్టడం మరీ పాపం కదూ."

కోటేశ్వరికి నవ్వొచ్చింది. రేపటి సంగతి తలుచుకోగానే ఆ నవ్వు ఆగిపోయింది. సూదిమొనతో ఆకు అంచుని మెల్లిగా తాకింది.

చలేసిన పసిపిల్లలా ఆకు ఇంకాస్త దగ్గరికి ముడుచుకుంది.

ఆమె సూది పక్కన పెట్టేసింది. ఏం తోచిందో, లాంతరు తానే ఆర్పేసింది. చీకట్లో బల్ల మీద నుంచి, కళ్లంలో ఎండుమిరపకాయలు కదిపినట్టు సన్నగా గలగల వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది.

వెంకటేశ్వరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నువ్వే లేపావు," అంది గొంతు తగ్గించి. "నువ్వే జోకొట్టు."